గోటినలుపు

స్త్రీల అలంకారములనుగూర్చి వ్రాయుట తేలిక పని యనియు, సంచికలో దానికి చోటిచ్చుట కాగితము దండుగ యనియు తలచు పెద్దలు కొందఱు కలరు. స్వరాష్ట్రమున నున్నవారికి ఆ మాట చెల్లునేమో కాని, పరభాషాప్రాంతమున తరములుగా వేరూని నిలిచిన మనబోటి కుటుంబములకు చెల్లదు. బడిలో మన చదువు నానాటికి తగ్గుచున్నది. కచేరిలో మన లిపి లేదు. అంగడిలో పలుకునది ఇరుగుపొరుగువారి పలుకు. ఇట్టియెడ మన ఆచారము ఇంకను పదిలముగా నున్న తావులు వంటయిల్లు, దేవునిగది, ఆడువారి చేతులు. అందుచేత ఆ చేతులయందు క్రొత్తగా ఏమి వచ్చినను, పాతది ఏమి పోయినను, అది ఇంటివారందఱి విషయమే యగుచున్నది.

గడచిన యేడు మా యింటికి ఒక చిన్న గాజుసీసా వచ్చినది. మాది బరంపురము. 1936లో ఒడిషా ప్రత్యేక రాష్ట్రముగా నేర్పడిన నాటినుండి మా పెద్దలు ఇచ్చటనే యుండి, వీథిలో ఒడియా, యింట తెలుగు మాటలాడుచు వచ్చిరి. మేము తోడికోడండ్రము ఇద్దఱము, మా అత్తగారు, భువనేశ్వరమున ఉద్యోగము చేయుచున్న మా అమ్మాయి, ఇది మా యింటి స్త్రీజనము. అమ్మాయి రజపర్వమునకు సెలవుపై వచ్చి, సంచిలోనుండి గోళ్లరంగు సీసా నొకటి తీసినది. ఎఱుపు కాదు, గులాబి కాదు. నేరేడుపండు తొక్కవంటి నలుపు. అంతకన్న వింత, ఆ నలుపునకు మెఱపు లేదు. దానిని మాట్ రంగందురని అమ్మాయి చెప్పినది.

మాట్ అను దానికి తెలుగున నేమందుమని మేము కొంతసేపు తర్కించితిమి. తెలుగువాడు నలుపును మెచ్చుకొన్నపుడెల్ల నిగనిగ యను మాట తోడు తెచ్చుకొనును. నిగనిగలాడు జుట్టు, నిగనిగలాడు నేరేడుపండు, నూనె రాచిన నల్లరాతి విగ్రహము. నిగనిగ లేని నలుపునకు మనకున్న మాట మసి. అది మెచ్చుకోలు మాట కాదు. తుదకు మా తోడికోడలు, తడి ఆరిన పలక నలుపు అన్నది. మా మనస్సులకు అదియే నచ్చినది. తడిగుడ్డతో తుడిచినంతసేపు పలక మెఱయును, ఆరినపిదప వెలుగును మ్రింగి ఊరకుండును. ఈ రంగును అట్టిదే. పాలిష్ అనగా మెఱుగు కదా, మెఱుగు లేని మెఱుగు ఏమి మెఱుగు అని మేము నవ్వుకొంటిమి.

కాని దాని మర్మము తెలిసినపిదప నవ్వు పోయి ఆశ్చర్యము మిగిలినది. మామూలు గోళ్లరంగునకు మూలపదార్థము నైట్రోసెల్యులోజు. పత్తిని ఆమ్లములతో మార్చగా వచ్చు ఈ పదార్థమును 1846లో షోన్‌బైన్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. మొదట దానిని ప్రేలుడు మందుగా వాడిరి. పిమ్మట దానితోనే తొలినాటి చలనచిత్రముల ఫిలుములు చేసిరి. 1920 ప్రాంతముల మోటారుకార్లకు త్వరగా ఆరు రంగులు చేయుటకు అదియే పనికివచ్చినది. అదే కుదురునుండి గోళ్లరంగును వచ్చినది. ఈ పదార్థమును ఇథైల్ అసిటేటు, బ్యూటైల్ అసిటేటు వంటి ద్రావకములలో కరగించి, రంగుపొడియు, పొర పెళుసుగాకుండ మెత్తదనమిచ్చు పదార్థములును కలుపుదురు. గోటిపై పూసినంతనే ద్రావకము ఆవిరియై పోవును, పొర మిగులును. ఘాటైన వాసన ఆ ద్రావకములదే. ఇక మాట్ రంగున మిక్కిలి సన్నని సిలికా రేణువులు చేర్తురు. నునుపైన పొర అద్దమువలె వెలుగును ఒక్క దిక్కునకే త్రిప్పును. రేణువులవలన గరుకెక్కిన పొర దానిని అన్ని దిక్కులకు చెదరగొట్టును. మెఱపు లేకపోవుటకు కారణము ఇంతియే.

ఆంగ్లమున దీనికి నెయిల్ లాకర్ అను పేరును కలదు. ఆ లాకర్ అను మాటకు తల్లివేరు మన సంస్కృత లాక్షా శబ్దము. లక్క, పారసీక అరబ్బీ నోళ్లబడి, పోర్చుగీసువారి యోడలెక్కి, ఐరోపా దేశములకు పోయి లాకరైనది. పూర్వము మన స్త్రీలు పాదములకు దిద్దుకొన్న లత్తుక యీ లక్క రసమే. పేరంటములందు పసుపును సున్నమును కలిపి పెట్టు పారాణి వేఱు, లత్తుక వేఱు. తెలుగిండ్ల లత్తుక చాలవఱకు కావ్యములకే పరిమితమైపోగా, మా బరంపురమున అది వీథి వీథిని కనబడును. ఒడియావారు దానిని అళతా అందురు. జూను నడుమ వచ్చు రజపర్వమున భూదేవి ఋతుమతియైనదని భావించి, ఆ దినములలో నేల దున్నరు, త్రవ్వరు. కన్యలు అళతా పెట్టుకొని, క్రొత్తబట్టలు కట్టి ఉయ్యెల లూగుదురు. అది గడచిన కొలది దినములకే మన ఆషాఢము వచ్చును, మన కన్యలు గోరింటాకు పెట్టుకొందురు. ఒకే తొలకరికి పొరుగింటివారి పాదములు, మన చేతులు ఎఱ్ఱబారును. మా యింటి పిల్లలు చిన్ననాటినుండి రెండును పెట్టుకొన్నవారే.

భారతదేశమున ఇట్టి అలంకారవస్తువులు చేయుటకు 1952లో టాటావారు ఒక సంస్థను స్థాపించిరి. దాని పేరు లాక్మే. 1883లో పారిస్ నగరమున ప్రదర్శింపబడిన ఒక ఫ్రెంచి సంగీతనాటకములోని నాయిక పేరది. ఆ నాయిక ఒక బ్రాహ్మణుని కూతురు. ఆ పేరు లక్ష్మి యను మన పేరునకు ఫ్రెంచివారి ఉచ్చారణ. పేర్లు దేశములు తిరిగి, వేషము మార్చుకొని, తిరిగి మన ముంగిటికే వచ్చుచుండును. వానిని గుర్తుపట్టుటయే మన పని.

సరే, రంగు పూసికొనుట ఎట్టిదో చూతమని ఒక మధ్యాహ్నము భోజనములైనపిదప పెరటివసారాలో చాప పఱచి కూర్చుంటిమి. అమ్మాయి మా గురువు. ముందుగా గోళ్లను ఆకురాయితో ఒకే దిక్కునకు రాచి కొసలు సరిచేసినది. తరువాత సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అసిటోను తడిపిన దూదితో ఒక్కొక్క గోటిని తుడిచినది. గోటిపై నూనెజిడ్డు ఏమాత్రమున్నను రంగు పట్టదట. మా గోళ్లకు ఆవకాయ జాడీల కాలము ఇంకను తీఱలేదు. ఎంత తుడిచినను మొదటి దూదికి పసుపు, రెండవ దూదికి నూనె కనబడినవి. పిదప రంగు లేని అడుగుపూత ఒకటి వేసినది. చిక్కని నల్లరంగు నేరుగా పూసినచో, తీసివేసినపుడు గోరు పసుపువన్నెకు తిరుగుననియు, ఈ అడుగుపూత దానికి అడ్డమనియు చెప్పినది.

అసలు రంగు పూయుటలో ఒడుపంతయు కుంచెలో రంగు తక్కువగా తీసికొనుటయందున్నది. గోటి నడుమ ఒక గీత, ఇరుప్రక్కల ఒక్కొక్క గీత. అంతటితో చేయి తీసివేయవలెను. మెఱపురంగైనచో మరల మరల దిద్దినను అది తనంతట సర్దుకొని నునుపగును. మాట్ రంగు క్షణములలో ఆరును. ఆరుచున్న చోట కుంచె మరల తగిలినచో చాఱ పడును, ఆ చాఱ దాగదు. పలచని పూతలు రెండు, నడుమ రెండు మూడు నిమిషముల విరామము, గోటి కొసను కూడ కుంచెతో ఒక్కసారి తాకుట, ఇది పద్ధతి. ముగ్గువేయు చేతులు గనుక మాకు గీత కుదిరినది. అంచున చర్మముపై ఒలికిన రంగును అగ్గిపుల్ల కొసకు దూది చుట్టి, అసిటోనుతో తుడిచితిమి.

మా తోడికోడలివద్ద పాత మెఱపురంగు సీసా ఒకటి యున్నది, ముదురు కుంకుమవన్నె. దానిని మాట్‌గా మార్చు ఉపాయమును అమ్మాయి చూపినది. గిన్నెలో నీళ్లు మరగించి, పొయ్యి పూర్తిగా ఆర్పి, గిన్నెను ఎడముగా తెచ్చి పెట్టి, అప్పుడే పూసిన తడిగోళ్లను ఆవిరిపై ఎత్తుగా కొంచెముసేపు ఉంచవలెను. ఆవిరి తగిలిన పొర మెఱపు కోలుపోయి మందగించును. పొయ్యి ఆర్పుట యీ ఉపాయమున ముఖ్యమైన పని. గోళ్లరంగును, అసిటోనును నిప్పును ఇట్టే అందుకొను సరుకులు. దీపారాధన యెదుట గాని, వెలుగుచున్న పొయ్యి యెదుట గాని సీసా మూత తీయరాదు.

అందముమాట చెప్పవలెనన్నచో, మా పనికాయపు వేళ్లకు ఆ పలకనలుపు మేము తలచినదానికంటె బాగుగ కుదిరినది. మెఱపురంగు కంటిని గోటిపైకి లాగును. ఇది చేతిని చేతివలె ఉండనిచ్చును. అయినను ఈ రంగునకు మన భోజనముతో పొత్తు కుదరదు. రాత్రి ముద్దపప్పు, నేయి కలుపుకొని తిని లేచుసరికి ఐదు వేళ్లలో నాలుగు వేళ్ల గోళ్లు నిగనిగలాడుచుండెను. జిడ్డు తగిలిన మాట్ రంగు మాట్‌గా నిలువదు. సబ్బుతో కడుగగా మరల పలక నలుపునకు వచ్చినది. చెంచాతో తినువారి కొఱకు పుట్టిన రంగని నవ్వుకొంటిమి. అంట్లు తోమిన మూడవనాటికి కొసలు పెచ్చులూడినవి. పైన మెఱపుపూత లేనందున ఇది మామూలు రంగుకంటె ముందే అరుగునట.

ఇక మా అత్తగారి సంగతి. ఆమెకు ఎనుబది దాటినవి. అమ్మాయి చేతులు చూచి, "ఇదేమిటే, ముత్తైదువుల ఇంట్లో వేళ్లకు మసి పూసుక్కూర్చున్నావు?" అనిరి. అమ్మాయి, "మసి కాదు నాన్నమ్మా, రంగు" అన్నది. "రంగంటే ఎరుపే. నలుపు రంగెప్పుడయింది?" అని ఆమె లోపలికి పోయిరి. ఆ పూట ఇంట మాటలు తగ్గినవి.

నలుపు అశుభమను మాటను మేము ఇద్దఱము తరువాత చాల ఆలోచించితిమి. మన సంప్రదాయమున అది పూర్తిగా నిలుచునట్టి మాట కాదు. ముత్తైదువ మెడలోని నల్లపూసలు నలుపే. తమిళదేశమున నున్న మన కుటుంబముల స్త్రీలను పొరుగువారు గుర్తుపట్టునది తఱచుగా ఆ నల్లపూసలచేతనే. కంటి కాటుక దీపపు మసియే, ఆముదముతో పట్టిన మెఱుగు లేని నలుపే. బిడ్డ బుగ్గపై దిష్టిచుక్క నలుపే. షోలాపురమున మన పద్మశాలి కుటుంబములు తరములుగా మగ్గము నమ్ముకొని యున్న మహారాష్ట్రదేశమున, సంక్రాంతిపండుగనాడు స్త్రీలు కోరి నల్లచీర కట్టుదురు. చలికాలమున నలుపు వెచ్చన యని వారి మాట. నలుపు కీడు కాదు, కీడును అడ్డుకొనునది యని మన పెద్దలే నమ్మిరి. ఇవన్నియు మా అత్తగారికి మాకంటె బాగుగ తెలియును. మఱి ఆమె బాధ యెక్కడిది?

రెండుదినములు గడచినపిదప ఆమెయే చెప్పిరి. "నలుపుకు కాదే నా బెంగ. రేపు ఆషాఢం వస్తుంది. ఆ గోళ్లమీద గోరింట ఎక్కడ పండుతుంది?"

ఆమె మాటలో సత్యము కలదు. గోళ్లరంగు గోటిపై నిలుచు పొర, గోరింట గోటిలో దిగు వన్నె. ఆకులో నూటికి ఒక పాలు అటునిటుగా లాసోను అను వర్ణపదార్థముండును. ఆకు నూఱినపుడు, చింతపండు పులుపుతోడైనపుడు, అది వెలువడి గోటియందును చర్మమునందును ఉన్న కెరటిను అను పదార్థముతో బంధము కలుపుకొనును. తీసినవెంటనే నారింజవన్నె, ఒకటి రెండు దినములు గాలి తగిలినపిదప పండిన ముదురెఱుపు. చర్మము రాలుచు క్రొత్తది వచ్చుచుండును గనుక అఱచేతి వన్నె కొలది వారములలో వెలిసిపోవును. గోటి వన్నె కడిగినను పోదు, గోరు పెరిగి కత్తిరింపబడినపుడే పోవును. కాని నడుమ రంగుపొర అడ్డమున్నచో వన్నె దిగుటకు దారి లేదు.

అయితే ఆమె బెంగకు ఇంతకంటె లోతైన వేరున్నది. మా అమ్మాయి తెలుగు మాటలాడును, చదువలేదు. బడిలో ఒడియా, ఆంగ్లము నేర్చినది. నాన్నమ్మ చెప్పు కథలు వినును, పత్రిక చేతికిచ్చిన బొమ్మలు చూచి త్రిప్పివేయును. అట్టి పిల్లకు భాషతోపాటు దక్కిన కొలది వస్తువులలో గోరింటాకు ఒకటి. ఆ చెట్టును ఇచ్చట మంజుఆతి యందురు. చెన్నపట్టణము, మధుర ప్రాంతముల వారు ప్రక్కింట మరుదాణి యని విందురు. కన్నడదేశమున మదరంగి, గోరంటి. మరాఠీవారికి మెందీ. యానామువారికి ఈ చిక్కు లేదు, చుట్టును గోదావరిసీమయే. మనలోను రాయలసీమ, తెలంగాణముల వారు మైదాకందురు. బజారులో ఏ పేరు చెప్పి కొన్నను, ఇంటికి వచ్చి రోటిలో పడినపుడు అది మన గోరింటాకే. గోటికి అంటు ఆకని పేరులోనే పని చెప్పిన మాట అది. ఆ మాట ఒక్క ఆషాఢము వాడుకలో లేకున్న మఱుసటి ఆషాఢమునకు నోట నిలుచునా యని ఆమె భయము. ఆ భయము మా అందఱిదియు.

దీనికి సమాధానము చెప్పినది అమ్మాయియే. "ముందు గోరింట, తరువాత రంగు. లోపలిది లోపలే ఉంటుంది కదా!" అన్నది. ఆషాఢమున ఒక శనివారము ఆమె మరల వచ్చి, నల్లరంగును అసిటోనుతో తుడిచివేసి, గోళ్లు శుభ్రముగా కడిగికొన్నది. పెరటిచెట్టు ఆకు దూసినది ఆమెయే. రుబ్బినవారము మేము. వేళ్లకు టోపీలవలె పెట్టినవారు మా అత్తగారు. కన్ను సరిగా ఆనకున్నను ఆ వేళ్లు దారి తప్పలేదు. తెల్లవారి చేతులు చూచుకొని, "నాకంటే నీకే ఎర్రగా పండింది" అని ఆమె మనుమరాలిని మెచ్చుకొనిరి. రెండుదినములైనపిదప అమ్మాయి ఆ యెఱుపుపై తన నలుపు పూసికొని ఉద్యోగమునకు పోయినది. మా అత్తగారు ఏమియు అనలేదు.

ఈ సందర్భమున మన సోదరీమణులకు తెలుపవలసినవి రెండు కలవు. మొదటిది: బజారులో నల్లగోరింట యను పేర అమ్ము గొట్టములను నమ్మరాదు. నిజమైన గోరింట ఒక గంటలో నల్లబడదు. అట్లు నల్లబడినచో అందులో తలవెండ్రుకల రంగులలో వాడు పారాఫినైలీన్ డయమైను అను రసాయనము కలసియుండును. అది చర్మమునకు తగిలి బొబ్బలెక్కిన పిల్లలున్నారు. పైగా ఒకసారి పడని శరీరమునకు అది జీవితాంతము పడకపోవచ్చును. రెండవది: వేలికి తొడిగి రక్తమునందలి ప్రాణవాయువును కొలుచు చిన్నయంత్రము 2020, 2021 సంవత్సరముల మహమ్మారి దినములలో ఇంటింటికి తెలిసినదే. అది గోటిగుండ వెలుతురు పంపి లెక్కగట్టును. నలుపు, నీలము వంటి ముదురురంగు అడ్డమున్నచో లెక్క తప్పవచ్చును. కావున జ్వరము వచ్చినపుడుగాని, ఆసుపత్రికి పోవునపుడుగాని, కనీసము ఒక వ్రేలినైనను రంగు లేకుండ ఉంచుకొనుట మేలు.

గోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగును. మొదలునుండి కొసవఱకు మాఱుటకు ఆఱునెలలు పట్టును. ఆశ్వయుజ బహుళతదియనాడు, అట్లతద్దికి, అమ్మాయి ఇంటికి వచ్చి పాతరంగు తుడుచుకొన్నపుడు, ప్రతి గోటి కొసయందును ఆషాఢపు గోరింట ఎఱ్ఱని నెలవంకవలె మిగిలియుండెను. మూడునెలలు దానిపై నలుపు ఎన్నిసార్లు పూసినదో, ఎన్నిసార్లు చెఱిపినదో లెక్క లేదు. అడుగునున్నది చెఱగలేదు. మరునాడు రోలు కడుగుచు, ఈసారి ఆకు తానే రుబ్బుదునని ఆమె అడిగినది. చింతపండు ఎంత వేయవలెనో, ముద్ద ఎంత మెత్తగా నుండవలెనో మా అత్తగారు వాకిట కూర్చుండి చెప్పుచుండిరి. అమ్మాయి ఆ మాటలను తన చేతిఫోనులో ఒడియా లిపిలో వ్రాసికొన్నది, తెలుగు మాటలనే.

లిపి నేర్పుట మా వంతు. ఈ శీతకాలమున అ ఆ లతో మొదలుపెట్టితిమి. పలకపైననే.